అలిపిరి మెట్లెక్కే తాత ఒంట్లో ఏం జరుగుతుంది?

మీ ప్రశ్న చదివాను అమ్మా. చిత్తూరులో పదో తరగతి చదువుతున్న మీ పాప శరీర వ్యవస్థలన్నీ వరసగా అప్పజెబుతుంటే, పక్కనే కూర్చున్న మీ నాయన "నేను వచ్చే నెల అలిపిరి నుంచి కొండెక్కుతాను కదా, అప్పుడు వీటిలో ఏది పనిచేస్తుంది?" అని అడిగారు. పాప "కండరాలు" అని ఆగిపోయింది. మీకూ ఏం చెప్పాలో తోచలేదు. ఆయనకు 63 ఏళ్లు, షుగరుకు మాత్రలు వాడుతున్నారు, మోకాళ్లు కాస్త నొప్పి, మొక్కు మాత్రం తీర్చుకోవాలి. పాపకు ఏం చెప్పాలి, నాయనను పంపొచ్చా అని రెండూ అడిగారు.

నేను తిరుపతిలో 28 ఏళ్లు నర్సింగ్ పిల్లలకు శరీరధర్మశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ మెట్లు చాలాసార్లు ఎక్కాను. ముందు పాప సంగతి చూద్దాం. పుస్తకంలో శ్వాస ఒక పాఠం, ప్రసరణ ఒక పాఠం, విసర్జన ఇంకో పాఠం. పరీక్షకు అలా చదవక తప్పదు. ఒంట్లో మాత్రం వీటన్నిటికీ కలిపి ఉన్న రక్తం 5 లీటర్లే. కూర్చుని ఉన్నప్పుడు అది అందరికీ సరిపోతుంది. మెట్లెక్కేటప్పుడు సరిపోదు. అప్పుడు ఎవరికి పెంచాలి, ఎవరికి తగ్గించాలి అనే పంపకం మొదలవుతుంది. తాత అడిగినదానికి అసలు జవాబు ఆ పంపకమే.

పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని మెట్ల వైపు తలెత్తి చూస్తాం చూడండి, పని అక్కడే మొదలవుతుంది. ఇంకా కాలు ఎత్తలేదు, అయినా నాడి అప్పటికే వేగం అందుకుంటుంది. రాబోయే శ్రమను మెదడు ముందే పసిగట్టి నరాల ద్వారా గుండెకు కబురు పంపుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. నరాల కబురు క్షణంలో చేరుతుంది, క్షణంలో ఆగుతుంది. హార్మోన్ కబురు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి చేరుతుంది కాబట్టి కాస్త ఆలస్యం, కానీ ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. నియంత్రణ, సమన్వయం అని పాప చదివిన పాఠం ఇదే.

ఇక కండరాలు. పాప చెప్పిన మాట తప్పు కాదు, సగం జవాబు. ఈ దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి. అడుగు నుంచి పైదాకా మనం 600 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతాం. పాప భౌతికశాస్త్రంలో ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు గుణించే లెక్క చదివే ఉంటుంది. 70 కిలోల మనిషిని 600 మీటర్లు పైకి చేర్చడానికి కావలసిన పని సుమారు 100 కిలోక్యాలరీలు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ కండరం తాను ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతు కూడా పనిగా మార్చలేదు, మిగిలినదంతా వేడిగా పోతుంది. అంటే తాతకు ఎక్కడానికే 400 కిలోక్యాలరీలకు పైన ఖర్చవుతుంది, అందులో 300 వేడి. ఆ వేడిని ఎక్కడికి పంపాలన్నది చర్మానికి వచ్చిపడే సమస్య. ఒక వ్యవస్థ పని ఇంకో వ్యవస్థకు బరువు ఎలా అవుతుందో ఈ ఒక్క లెక్కలో పాపకు చూపించవచ్చు.

పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలుంటాయి. ఈ దారిలో ఎక్కువ భారం మోసేది మోకాలు. మెట్టు ఎక్కేటప్పుడు ఒంటి బరువుకు సుమారు మూడు రెట్లు మోకాలి కీలు మీద పడుతుంది. 70 కిలోల మనిషికి 200 కిలోల పైమాటే. ఎముకల చివర ఉండే మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. కీలులోని జిగురు ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. అందుకే అది అరిగితే కండరంలా తిరిగి పెరగదు. దారి మొదట్లోనే తలయేరు గుండు అనే బండ దగ్గర భక్తులు మోకాళ్లు ఆనించి, నొప్పులు రాకూడదని మొక్కుకుంటారు. చివర్లో నిట్టనిలువుగా ఉండే భాగానికి మోకాళ్ల పర్వతం అని పేరు. మన పెద్దలకు ఈ దారిలో కష్టం ఎక్కడ పడుతుందో బాగా తెలుసు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మోకాలి నొప్పి రాకుండా పొద్దున్నే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకుని బయల్దేరేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ నాయన ఆ పని చేయకూడదు. ఎందుకో మూత్రపిండాల దగ్గర చెబుతాను.

నూరు మెట్లు దాటేసరికి ఆయాసం వస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఆక్సిజన్ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తగ్గుతుంది, నిజమే. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఆక్సిజన్ దాదాపు మామూలుగానే ఉంటుంది. ఆయాసం పుట్టేది కార్బన్ డయాక్సైడ్ వల్ల, శ్రమ వల్ల. కండరాలు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను మెదడు అడుగున ఉండే మజ్జాముఖం కనిపెట్టి, ఊపిరి వేగం పెంచమంటుంది. కదిలే కీళ్లూ కండరాలూ కూడా అదే కబురు పంపుతాయి. కూర్చున్నప్పుడు నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీల్చేవాళ్లం, ఎక్కేటప్పుడు 50, 60 లీటర్లు కూడా పీలుస్తాం. ఊపిరితిత్తుల లోపల వాయుగోణులు అనే చిన్న చిన్న గాలి సంచులు కోట్లాది ఉన్నాయి. వాటి గోడలన్నీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న ఇల్లంత చోటు. అందుకే ఆరోగ్యవంతుడికి ఊపిరితిత్తులు అంత సులువుగా అడ్డు రావు. అడ్డు వచ్చేది గుండె.

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. విశ్రాంతిలో గుండె నిమిషానికి 5 లీటర్లు తోస్తుంది, గట్టి శ్రమలో 15 లీటర్ల దాకా తోయాలి. విశ్రాంతిలో ఆ రక్తంలో అయిదో వంతు మాత్రమే కండరాలకు పోతుంది. శ్రమలో నాలుగు వంతులకు మూడు వంతులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వాటికే పోతుంది. పేగులకూ మూత్రపిండాలకూ వెళ్లే నాళాలు సన్నబడి, ఆ రక్తం కాళ్ల వైపు మళ్లుతుంది. మెదడు వాటా మాత్రం తగ్గదు. ఒంటి బరువులో 2 శాతమే ఉన్నా 20 శాతం ఆక్సిజన్ వాడే అవయవం అది, దాని వాటాను శరీరం ముట్టుకోదు.

మరి గుండెకు రక్తం ఎవరిస్తారు? దాని గదుల నిండా రక్తం ఉన్నా అది అందులోంచి తాగలేదు. బయటి నుంచి వచ్చే హృదయ ధమనులే దిక్కు. పైగా ఎడమ గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది కొట్టుకునేటప్పుడు కాదు, రెండు కొట్టుకోవడాల మధ్య సడలినప్పుడు. వేగం పెరిగేకొద్దీ ఆ సడలే సమయమే ఎక్కువ తగ్గిపోతుంది. పని పెరుగుతుంది, తిండికి దొరికే వేళ తగ్గుతుంది. ధమనిలో కొవ్వు పేరుకుని సందు ఇరుకైతే ఇంట్లో కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు, మెట్ల మీద బయటపడుతుంది. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట కనిపిస్తే ఇంకొక్క మెట్టు కూడా ఎక్కకూడదు. అక్కడే కూర్చుని సాయం పిలవాలి.

చాలాకాలంగా షుగరు ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. నొప్పి కబురు మోసే నరాలే దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు గుండెకు రక్తం అందకపోయినా నొప్పి తెలియదు. ఉన్నట్టుండి మామూలుకు మించిన ఆయాసం, నీరసం, వికారం మాత్రమే కనిపిస్తాయి. "వయసైంది కదా" అని తోసేస్తాం. మీ నాయన విషయంలో నా మొదటి భయం ఇదే. బయల్దేరే ముందు గుండె డాక్టరుకు చూపించి, ఆయన అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించండి. బీపీకి బీటా బ్లాకర్ రకం మాత్ర వాడుతుంటే నాడి వేగం పెద్దగా పెరగదు, కాబట్టి నాడి చూసి బాగానే ఉన్నాడనుకోకూడదు. దారిలో తేలికైన కొలత ఒకటుంది. పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఊపిరి తెగుతుంటే కూర్చోవాలి. గోవింద నామం గొంతెత్తి పలకగలిగినంత వేగమే ఆయనకు సరైన వేగం.

రక్తం కాళ్లకు మళ్లింది కదా, నష్టపోయేది జీర్ణవ్యవస్థ. తిన్నప్పుడు పేగులు ఎక్కువ రక్తం అడుగుతాయి. కడుపునిండా పూరీలో, నెయ్యి పొంగలో తిని ఎక్కితే ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపినట్టే. కడుపు బరువు, వికారం, పక్కలో పోటు అందుకే. ఎక్కడానికి రెండు గంటల ముందు రెండు మూడు ఇడ్లీలు చాలు.

అలాగని ఖాళీ కడుపుతో ఎక్కడం ఇంకా ప్రమాదం. మొక్కు పేరుతో ఉపవాసం ఉండి ఎక్కేవాళ్లను చూస్తుంటాను. కాలేయంలో నిల్వ ఉండే చక్కెర, గ్లైకోజెన్, సుమారు 100 గ్రాములు. రాత్రంతా ఏమీ తినకపోతే తెల్లారేసరికి అందులో చాలా భాగం ఖర్చై ఉంటుంది. మామూలు మనిషికి ఎక్కేటప్పుడు క్లోమం ఇన్సులిన్ తగ్గించి, గ్లుకగాన్ అనే ఇంకో హార్మోన్ పెంచి, కాలేయంతో చక్కెర విడుదల చేయిస్తుంది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు క్లోమాన్ని నొక్కి ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మీ నాయన మెట్లెక్కుతున్నారని ఆ మాత్రకు తెలియదు. పైగా పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ అవసరం లేకుండానే రక్తంలోంచి చక్కెర లాక్కుంటుంది. రెండూ కలిస్తే చక్కెర దిగువకు జారిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ. అందుకే మీరు మొదట చేయాల్సింది ఆయన మాత్రల అట్ట మీద పేరు చదవడం. ఆ రోజు మోతాదు ఎంతో మీరు నిర్ణయించకండి, రాసిన డాక్టరునే అడగండి.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కొన్నేళ్ల క్రితం మా అన్నతో కలిసి ఎక్కాను. గాలిగోపురం దాటాక దారి చాలా దూరం దాదాపు చదునుగా ఉంటుంది, అక్కడ హాయిగా మాట్లాడుకుంటూ నడిచాం. మోకాళ్ల పర్వతం దగ్గరికొచ్చేసరికి అన్నకు చెమట ధారగా కారుతోంది, చెయ్యి వణుకుతోంది, అడిగినదానికి జవాబు పొంతన లేకుండా చెబుతున్నాడు. అందరికీ చెమట పడుతోంది కదా, అలసటే అనుకుని పది నిమిషాలు విసురుతూ కూర్చున్నాను. రక్తంలో చక్కెర తగ్గినా ఇవే లక్షణాలని వందల మందికి పాఠం చెప్పినవాణ్ణి, నా ఎదుట జరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాను. పక్కన కూర్చున్న ఒక తల్లి తన బాబు కోసం తెచ్చుకున్న గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి ఇస్తే, కొద్దిసేపటికే అన్న తేరుకున్నాడు. ఆ తల్లి ఎవరో నాకు తెలియదు. ఇప్పటికీ ఆమెను తలుచుకుంటాను.

కాబట్టి జేబులో గ్లూకోజ్ ఉండాలి, చేతిలో కొలిచే మిషన్ ఉంటే ఇంకా మంచిది. 70 కంటే తగ్గితే 15 గ్రాములు, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. మాట స్పష్టంగా ఉండి మింగగలిగితేనే నోట్లో పోయాలి. లడ్డూ పెడితే సరిపోదా అంటారు. లడ్డూలో చక్కెర ఉంది, నెయ్యీ ఉంది. కొవ్వు ఉంటే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ప్రసాదం దర్శనమయ్యాక తినొచ్చు, ఈ అవసరానికి గ్లూకోజే కావాలి. ఇంకోటి, ఖాళీ అయిన కండరాలు ఆ రాత్రంతా చక్కెర లాక్కుంటూనే ఉంటాయి. పడుకునే ముందు ఒకసారి చూసుకోవాలి.

ఇక ఆ 300 కిలోక్యాలరీల వేడి. చర్మంలో 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులున్నాయి. ఒళ్లు చల్లబరిచేది చెమట పట్టడం కాదు, అది ఆరడం. ఒక లీటరు చెమట ఆరితే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి తీసుకుపోతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున చెమట కారిపోతుందే తప్ప ఆరదు, నీళ్లూ ఉప్పూ పోతాయి గానీ చల్లదనం దక్కదు. నూలు బట్టలు, తెల్లవారుజాము నడక అందుకే మంచివి. దారిలో ఉప్పు వేసిన మజ్జిగ తాగితే పోయిన నీరూ ఉప్పూ రెండూ కొంత తిరిగొస్తాయి.

నీరు తగ్గితే దాన్ని పొదుపు చేసేవి మూత్రపిండాలు. మామూలుగా అవి రోజుకు 180 లీటర్లు వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పంపేసి, ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రంగా వదులుతాయి. ఎక్కేటప్పుడు వాటికొచ్చే రక్తం సగానికి పడిపోవచ్చు. అప్పుడు అవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలతో తమ నాళాలను తెరిచి ఉంచుకుని వడపోత నిలబెట్టుకుంటాయి. నొప్పి మాత్రలు ఆపేది సరిగ్గా ఆ పదార్థాలనే. మోకాలి వాపు తగ్గించేదీ, మూత్రపిండానికి ఆసరా తీసేసేదీ ఒకే చర్య. వయసు, షుగరు, చెమట, పైన ఈ మాత్ర, నాలుగూ కలవకూడదు. మోకాలికి పట్టీ, చేతికర్ర మేలు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు సరిపోలేదని అర్థం.

పాదాల గురించి చెప్పకుండా వదలలేను. మెట్ల మీద చెప్పులు వేసుకోరు. షుగరు వల్ల పాదాల నరాలు మొద్దుబారితే ఎండకు కాలిన రాయి మీద నిలబడినా తెలియదు, బొబ్బ వచ్చినా తెలియదు. చక్కెర ఎక్కువున్న రక్తంలో తెల్లకణాలు చురుగ్గా పోరాడలేవు, రక్తనాళాలు ఇరుకై గాయానికి పోషణ చేరదు. నరాలు, చర్మం, రక్తప్రసరణ, రోగనిరోధక వ్యవస్థ, నాలుగు పాఠాలూ ఒక్క బొబ్బలో కలుస్తాయి. వెళ్లే ముందు ఒకసారి, కొండ దిగాక ఒకసారి ఆయన అరికాళ్లు మీరే చూడండి, వేళ్ల సందులతో సహా.

మెట్లపూజ మొక్కు అయితే ఇంకో జాగ్రత్త. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టడానికి వంగి లేవాలి. లేచిన ప్రతిసారీ రక్తం కాళ్లవైపు జారుతుంది, మెడ ధమనుల్లోని ఒత్తిడి గ్రాహకాలు వెంటనే నాళాలను బిగించి మెదడుకు రక్తం నిలబెట్టాలి. వయసుతో ఆ చురుకుదనం తగ్గుతుంది, బీపీ మాత్రలు ఇంకా తగ్గిస్తాయి. కళ్లు తిరిగితే చిన్నమెదడు కూడా తూకం నిలపలేదు. ఆ పూజ పాప చేస్తే సరిపోతుంది, తాత వెంట నడిస్తే చాలు.

పైకి చేరాక పని అయిపోయిందనుకుంటారు. క్యూలో కదలకుండా నిలబడినప్పుడు కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ఉంటారు. నడిచేటప్పుడు పిక్క కండరాలు సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తుంటాయి. నిలబడిపోతే ఆ పంపు ఆగుతుంది, కాళ్లలో రక్తమూ శోషరసమూ నిలిచిపోతాయి, పాదాలు ఉబ్బుతాయి. నిలబడ్డ చోటే మడమలు ఎత్తి దించుతూ ఉండమని చెప్పండి. తలనీలాలు ఇచ్చేటప్పుడు నొప్పి ఎందుకు ఉండదని పాప అడిగితే, పైకి కనిపించే వెంట్రుక కెరటిన్‌తో చేసిన నిర్జీవ పదార్థమని, జీవం చర్మం లోపలి కుదురులో ఉందని చెప్పండి. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున మళ్లీ వస్తుంది.

ప్రత్యుత్పత్తి వ్యవస్థ ఈ నడకలో పెద్దగా పాల్గొనదు కాబట్టి దాన్ని పాప పుస్తకానికే వదిలేస్తున్నాను.

ఇక పంపొచ్చా అన్న ప్రశ్న. 60 ఏళ్లు దాటినవాళ్లు, షుగరు, బీపీ, గుండె జబ్బు, ఉబ్బసం, కీళ్ల జబ్బు ఉన్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీ కూడా సూచించింది. మీ నాయనకు అందులో మూడు వర్తిస్తున్నాయి. నేనైతే వచ్చే నెలకు ఒప్పుకోను. డాక్టరు పరీక్షలు చూసి సరేనంటే, మూడు నెలలు చిత్తూరులోనే రోజూ అరగంట నడిపించండి, నెమ్మదిగా మెట్లు పెంచండి. అప్పటికీ ఎక్కడం ఒక్కటే చేయించి, దిగడం బస్సులోనే. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి, దాని నారలు చిట్లేది అప్పుడే, మోకాలి మీద భారమూ ఎక్కేటప్పటికన్నా తగ్గదు. ఆ నొప్పి అదే రోజు రాదు, రెండో రోజు ముదురుతుంది. డాక్టరు వద్దంటే పైదాకా బస్సులో తీసుకెళ్లండి. అలిపిరిలో మొదటి మెట్టుకు మాత్రం పాపతో పసుపు కుంకుమ పెట్టించండి, తాత పక్కనే నిలబడి చూస్తారు. డాక్టరు ఏమన్నారో, ఆయన వాడే మాత్రల పేర్లేమిటో మళ్లీ రాయండి, చూసి చెబుతాను.